ఇయర్‌ఫోన్లు పాడయ్యాయా? కొత్తవి కొనే ముందు...

"డాక్టరుగారూ! వీడు ఆరు నెలల్లో మూడు జతల ఇయర్‌ఫోన్లు పాడుచేశాడండీ. మళ్ళీ కొత్తవి కొనమని ప్రాణం తీస్తున్నాడు. అసలవి చెవికి మంచివో కావో మీరైనా చెప్పండి" అంటూ ఒక తల్లి ఇరవయ్యేళ్ళ కొడుకుని వెంటబెట్టుకుని మా ఆస్పత్రి ఓ.పి.కి వచ్చింది. కుర్రవాడు ఇంజనీరింగు చదువుతున్నాడు. కాలేజీ బస్సులో రోజూ పోనూ రానూ మూడు గంటల ప్రయాణం.

"చెవిలో హోరు ఏమైనా ఉందా బాబూ?" అని అడిగాను.

తల్లి వంక ఒకసారి చూసి, "రాత్రి పడుకునేటప్పుడు కీచురాయి అరిచినట్టుంటుంది సార్. పొద్దుటికి తగ్గిపోతుంది" అన్నాడు. ఆవిడకి ఆ సంగతే తెలియదు.

కర్ణభేరి శుభ్రంగా ఉంది. కాస్త గుబిలి ఉంది, అంతే. కాని ఆడియోమీటరు పరీక్షలో 4000 హెర్ట్జ్ దగ్గర గీత కిందికి జారింది. పెద్ద శబ్దాల వల్ల చెవి దెబ్బతింటే సాధారణంగా ముందు ఆ ప్రాంతంలోనే కనబడుతుంది. ఎదుటివారి మాటలు బాగానే వినబడుతుంటాయి కనుక మనిషికి అనుమానమే రాదు. లోపలి చెవిలో నత్తగుల్లలా చుట్టుకున్న భాగంలో సుమారు 15,000 సన్నని రోమకణాలుంటాయి. చచ్చిపోయినవి మళ్ళీ పుట్టవు. వాటిని బతికించే టానిక్కు లేదు. చెవిలో వెల్లుల్లి నూనె పోసినా అది అక్కడిదాకా వెళ్ళదు!

పాత జతలు తెచ్చారు గనుక చూశాను. ఒకదానిలో తీగ పిన్ను దగ్గర తెగి ఒకవైపు మూగబోయింది. రెండోది చెవిలో నిలవక జారిపోతుంటే, బస్సు రొదలో వినబడటం కోసం వాల్యూమ్ చివరిదాకా పెట్టేవాడట. మూడోదాని జాలీ నిండా గుబిలి! జాలీ కిందికి ఉండేలా పట్టుకుని, పొడి టూత్‌బ్రష్‌తో మెల్లగా తుడిస్తే పలికింది. ఓ.పి.లో ఇయర్‌ఫోను రిపేరు చేయడం నా సర్వీసులో అదే మొదలు. మీరు కూడా కొత్తది కొనే ముందు ఈ పని చేసి చూడండి. పిన్నీసు మాత్రం గుచ్చకండి.

అసలు దోషం రెండో జతలో ఉంది. చెవిలో సరిగ్గా కూర్చోని ఇయర్‌ఫోను బయటి రొదను ఆపదు. ఆ రొద మీద పాట వినబడాలంటే ఇంకా గట్టిగా పెట్టాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దవాళ్ళకి పెట్టిన పరిమితి 80 డెసిబెల్స్ అయితే వారానికి 40 గంటలు. ఆ పైన ప్రతి 3 డెసిబెల్స్‌కీ వ్యవధి సగానికి పడిపోతుంది. 89 దగ్గర వారానికి 5 గంటలే. 100 దగ్గర 20 నిమిషాల పైచిలుకు. మన కుర్రవాడు ఆ వాటా సోమవారం పొద్దున్న బస్సు దిగకముందే ఖర్చు పెట్టేసేవాడన్నమాట.

అందుకే కొనేటప్పుడు పేరుకంటే, డబ్బా మీద రాసిన బేస్ కంటే, ముందు రబ్బరు తొడుగులు చూడండి. చిన్నవి, మధ్యరకం, పెద్దవి మూడు సైజులూ ఇవ్వాలి. చెవిదొప్పను రెండో చేత్తో పైకీ వెనక్కీ లాగి లోపల పెట్టుకుని, "ఊఁ" అని మూలగండి. మీ గొంతు మీకే కుండలో మోగినట్టు వినబడితే సరిగ్గా అమరినట్టు. మృదంగం దెబ్బ పేలవంగా ఉంటే తప్పు యంత్రానిది కాకపోవచ్చు, తొడుగు మార్చి చూడండి. కొందరికి కుడిచెవికొక సైజు, ఎడమచెవికొక సైజు కావాలి.

బడ్జెట్ వెయ్యిలోపు అయితే నా ఓటు తీగ ఉన్నవాటికే. బ్యాటరీ గొడవ లేదు, ఒకటి జారి కాలవలో పడే భయం లేదు. మీ ఫోనుకి గుండ్రటి పిన్నా, టైప్-సి పిన్నా అన్నది చూసుకోండి. రొదను తగ్గించే బ్యాటరీ రకం బస్సు ప్రయాణాలకి మేలే. కాని దానికోసం అప్పు చేయనక్కరలేదు. రోడ్డు మీద, రైలు పట్టాల దగ్గర మాత్రం ఏ రకమైనా తీసి జేబులో వేసుకోవలసిందే.

వాల్యూమ్ ఇంట్లో, నిశ్శబ్దంగా ఉన్న గదిలో పెట్టుకోండి. అరవై శాతం దాటవద్దు. తొడుగులు వారానికొకసారి ఊడదీసి, సబ్బు నీళ్ళతో కడిగి, పూర్తిగా ఆరాక పెట్టండి. ఒకరివి ఒకరు వాడకండి. చెవి చీము కారుతున్నా, దురదగా ఉన్నా, అది తగ్గేదాకా అసలు పెట్టుకోవద్దు.

ఇంకొక మాట. ఉన్నట్టుండి ఒక చెవి వినబడకుండా పోతే గుబిలే అనుకుని వారం రోజులు ఆగకండి. ఆ రోజే డాక్టరుకి చూపించండి. ఆ చికిత్స మొదటి రోజుల్లో ఇస్తేనే ఎక్కువ ఫలితం.

మూడు వారాల తర్వాత తల్లీకొడుకులు మళ్ళీ వచ్చారు. ఏడు వందలు పెట్టి కొత్త జత కొన్నారట. బస్సులో సగం వాల్యూమ్ చాలుతోందట. రాత్రి కీచురాయి మానేసింది. 4000 దగ్గర గీత మాత్రం అక్కడే ఉంది. ఆరు నెలలకి మళ్ళీ పరీక్షకి రమ్మన్నాను.