డబ్బా మూత తీస్తే సల్సా

జనవరిలో డాలస్ సూపర్ మార్కెట్‌కి వెళ్తే టమాటాలు ఎర్రగా నిగనిగలాడుతూ కనిపిస్తాయి. కోసి నోట్లో వేసుకుంటే పులుపూ ఉండదు, తీపీ ఉండదు. చాలావరకు దూరప్రయాణం తట్టుకోవాలని పచ్చిగా ఉన్నప్పుడే కోసి, ఇథిలీన్‌తో రంగు తెప్పించిన సరుకది. అదే దుకాణంలో డబ్బాలోని టమాటా మాత్రం చేలో పండి, కోసిన కొద్ది గంటల్లోనే డబ్బాకెక్కింది. చలికాలంలో సల్సాకి డబ్బా టమాటానే సరైనది. గతిలేక వాడే సరుకని చిన్నచూపు అక్కర్లేదు.

సల్సా పుట్టిల్లు మెక్సికో. టమాటా, మిరప కలిపి చేసిన రకరకాల సాస్‌లు అజ్టెక్‌ల సంతల్లో అమ్మేవారని 16వ శతాబ్దంలోనే స్పానిష్ పాదిరి బెర్నార్దినో దె సహాగున్ రాసిపెట్టాడు. మోల్కహేతె అనే మూడుకాళ్ల నల్లరాతి రోట్లో అక్కడివాళ్లు నేటికీ నూరుతున్నారు. టెక్సస్‌లో అది సీసాలోకెక్కింది. 1947లో శాన్ ఆంటోనియోలో డేవిడ్ పేస్ మొదలుపెట్టిన వ్యాపారం అలా పెరిగి, 1990ల మొదట్లో అమెరికాలో సల్సా అమ్మకాల విలువ కెచప్‌ని దాటేసింది.

ఇంట్లో చేసుకోవడానికి పది నిమిషాలు చాలు. తొక్కతీసిన టమాటాలు ముక్కలు కోయకుండా ఉన్న పెద్ద డబ్బా, అంటే సుమారు 800 గ్రాములది, తీసుకోండి. తరిగిన ముక్కల డబ్బా వద్దు. మెత్తబడకుండా అందులో సాధారణంగా కాల్షియం క్లోరైడ్ కలుపుతారు, ముక్కలు పంటికింద గట్టిగా తగులుతాయి. టమాటాల్ని జల్లెట్లో వేసి రసం వడకట్టండి. ఆ రసం పారబోయకండి, రాత్రి చారులోకి పనికొస్తుంది.

సగం ఉల్లిపాయ తరిగి, ఘాటు తగ్గేలా చన్నీళ్లలో కడిగి పిండండి. దానితో ఒక వెల్లుల్లి రెబ్బ, సీసాలోని ఊరబెట్టిన హాలపీన్యో మిరప ముక్కలు నాలుగైదు మిక్సీలో వేసి రెండుసార్లు పల్స్ నొక్కండి. పొగ వాసన ఇష్టమైతే హాలపీన్యోకి బదులు అడోబో సాస్‌లో నానిన చిపోట్లే మిరప ఒకటి. ఇప్పుడు టమాటాలు, అర చెంచా ఉప్పు, చిటికెడు జీలకర్ర పొడి. నొక్కి వదిలి, నొక్కి వదిలి, నాలుగుసార్లే. ఆపకుండా తిప్పితే గాలి చేరి నురగ కడుతుంది, ఎరుపు పోయి గులాబీ రంగుకి దిగుతుంది. చివర్న నిమ్మరసం, ఉంటే కొత్తిమీర. అరగంట ఫ్రిజ్‌లో ఉంచాక ఉప్పు చూడండి. చెంచాతో కాదు, టోర్టియా చిప్‌తో. చిప్స్‌కి ఉప్పు ముందే ఉంటుంది కదా.

మనవాళ్లకి ఇక్కడ చెయ్యి ఆగదు. ఆవాలు, ఇంగువతో పోపు పెట్టేస్తారు. బాగానే ఉంటుంది, కాని అది టమాటా పచ్చడి. దానికి వేడన్నం, నెయ్యి కావాలి. చిప్స్ చాలవు.

ఆవకాయలా జాడీకెత్తి అల్మరాలో పెట్టే సరుకు కాదిది. టమాటా పుల్లనిదే అయినా ఉల్లి, వెల్లుల్లి కలిస్తే ఆ ఆమ్లత పలచబడుతుంది. గాలి చొరని సీసాలో బయట నిలవ ఉంచితే బోట్యులిజం ప్రమాదం ఉంది. మూతపెట్టి ఫ్రిజ్‌లో ఉంచి, నాలుగైదు రోజుల్లో తినేయాలి. అడుగున మిగిలింది బాణలిలో వెచ్చచేసి, వేయించిన గుడ్డు మీద పోసుకోండి. మెక్సికోలో దాన్ని పొద్దున్నే టోర్టియాతో తింటారు.