పొయ్యి జోలికి పోని తీపి: ప్రేమ్ బజార్ వేసవి విశేషాలు

ఖరగ్‌పూర్ ఐఐటీ ప్రహరీని ఆనుకుని ఉండే ప్రేమ్ బజార్‌లో మే నెల మధ్యాహ్నం వంటింట్లో నిలబడటమంటే శిక్షే. హాస్టల్ కుర్రాళ్ల గదుల్లో ఓవెన్ ఉండదు, అద్దె ఇళ్లలో చాలావరకు ఉండదు. ఉన్నా ఈ ఎండలో దాన్ని వేడి చేసే ధైర్యం ఎవరికుంటుంది? అలాంటి రోజుల కోసమే పండు, మీగడ, కాస్త చల్లదనం కలిపి చేసే తీపి ఒకటుంది. ఇందులో వంట చేసేది మంట కాదు, చలి. గట్టిపరచడం, పొరలు అతకడం, రుచులు కలవడం, అన్నీ ఫ్రిజ్‌లోనే జరిగిపోతాయి.

రైల్వే పనుల కోసం శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ వైపు నుంచి తరాల కిందటే వచ్చి స్థిరపడ్డ తెలుగు కుటుంబాలు ఖరగ్‌పూర్‌లో చాలా ఉన్నాయి. తెలుగుకు అధికార భాష హోదా ఇచ్చేందుకు 2020 డిసెంబరులో పశ్చిమ బెంగాల్ మంత్రివర్గం ఒప్పుకుంది. ఇక్కడి తెలుగువాళ్లు ఎన్నాళ్లుగానో అడుగుతున్న కోరిక అది. భాష సంగతి అలా ఉంచితే, వేసవి గిన్నెలో మాత్రం మన మామిడీ బెంగాలీ పెరుగూ ఎవరి అనుమతీ అడక్కుండానే కలిసిపోయాయి. ఆ గిన్నెలోకి చేరే ఒక్కో వస్తువు వెనక ఒక్కో కథ ఉంది.

ఐసు ఓడెక్కి వచ్చింది

ఫ్రిజ్ లేని కాలంలో కలకత్తా దొరలకు వేసవిలో ఐసు ఎలా దొరికేది? అమెరికా నుంచి! బోస్టన్ వ్యాపారి ఫ్రెడరిక్ ట్యూడర్ 1833 మేలో 'టస్కనీ' అనే ఓడలో దాదాపు 180 టన్నుల ఐసు ఎక్కించి పంపాడు. నాలుగు నెలల ప్రయాణం, రెండుసార్లు భూమధ్యరేఖ దాటడం, అయినా సెప్టెంబరులో హుగ్లీ ఒడ్డుకు చేరేసరికి సుమారు 100 టన్నులు మిగిలే ఉంది. ఆ తర్వాత మద్రాసులో కూడా ఇలాంటి ఐసు కోసం గిడ్డంగి కట్టారు. మెరీనా ఎదురుగా ఇప్పటికీ 'ఐస్ హౌస్' అని పిలుచుకునే భవనం అదే.

అంతకుముందు ఆకాశమే ఫ్రిజ్

ఓడ రాకముందు కూడా ఈ నేల మీద ఐసు తయారయ్యేది. గాలిలో నీరు గడ్డకట్టేంత చలి లేని చోట కూడా! శీతకాలం రాత్రుల్లో గుంటల్లో చెరకు పిప్పి, ఎండుగడ్డి పరిచి, వాటి మీద లోతులేని మట్టి మూకుళ్లలో కాచి చల్లార్చిన నీళ్లు పోసేవారు. నీటిలోని వేడి నిర్మలమైన ఆకాశంలోకి వెళ్లిపోయేది. మూకుడు చెమ్మ ఆరుతూ మరికొంత వేడిని లాక్కునేది. తెల్లారేసరికి పలుచటి ఐసు పొర కట్టేది. దాన్ని ఏరి గోతుల్లో దాచి, వేసవిలో వాడుకునేవారు. రాబర్ట్ బార్కర్ అనే ఇంగ్లీషు సైనికాధికారి ఈ పద్ధతిని 1775లో లండన్ రాయల్ సొసైటీ పత్రికలో వర్ణించాడు.

మీగడ ఎందుకు నిలబడదు?

మీగడను గిలక్కొడితే మబ్బులా పొంగాలని అందరూ ఆశపడతారు. పొంగక, పలుచగానే ఉండిపోతే నేరం చెయ్యిది కాదు, కొవ్వుది. గాలి బుడగల చుట్టూ కొవ్వు రేణువులు ఒకదానికొకటి అంటుకుని గోడ కడితేనే మీగడ నిలుస్తుంది. అందుకు కనీసం 30 శాతం కొవ్వు ఉండాలి. అంగట్లో చిన్న పేకెట్లో దొరికే ఫ్రెష్ క్రీమ్‌లో సాధారణంగా 20-25 శాతమే ఉంటుంది. దాన్ని రాత్రంతా గిలక్కొట్టినా గట్టిపడదు. రెండో షరతు చలి. వెచ్చబడితే కొవ్వు మెత్తబడి గోడ కూలిపోతుంది. అందుకే గిన్నెనూ గరిటెనూ కూడా ముందు ఫ్రిజ్‌లో పెట్టాలి. అలాగని ఉత్సాహం ఎక్కువై గిలక్కొడుతూనే ఉంటే గోడలు విరిగి కొవ్వంతా ముద్దకట్టి వెన్నగా తేలుతుంది. కవ్వం పట్టిన మన అమ్మమ్మలకు ఈ సంగతి ఏ ప్రయోగశాలా చెప్పనక్కర్లేదు.

భాఁడ్‌లోని రహస్యం

పలుచటి క్రీమ్‌కు బెంగాల్‌లో మంచి విరుగుడు ఉంది: మిష్టి దోయి. పాలను మరిగించి, దగ్గర చేసి, పంచదారనో బెల్లాన్నో కలిపి, భాఁడ్ అనే మట్టి పాత్రలో తోడుపెట్టే తీపి పెరుగు ఇది. మట్టి పాత్ర వాడటం కేవలం అందం కోసం కాదు. దాని సన్నటి రంధ్రాల గుండా పెరుగులోని నీరు కొంత ఊరి బయటికి వచ్చి ఆరిపోతుంది. దాంతో పెరుగు చిక్కబడుతుంది, పాత్ర చల్లబడుతుంది. మన మట్టికుండలో నీళ్లు చల్లబడేదీ ఇందుకే. ఈ దోయికి ఫ్రెష్ క్రీమ్ కలిపితే గిలక్కొట్టే పని లేకుండానే గరిట జారని చిక్కదనం వస్తుంది. దోయి దొరకనిచోట మామూలు పెరుగును పలుచటి బట్టలో మూటగట్టి మూడు నాలుగు గంటలు వేలాడదీస్తే చాలు.

నిమ్మరసం చేసే గారడీ

కండెన్స్‌డ్ మిల్క్‌లో నిమ్మరసం పిండి కలిపి చూడండి. పొయ్యి లేదు, పిండి లేదు, గుడ్డు లేదు, అయినా క్షణాల్లో చిక్కబడుతుంది. పులుపు తగలగానే పాలలోని కేసిన్ అనే మాంసకృత్తు ఒకదానికొకటి అల్లుకుంటుంది. మామూలు పాలైతే విరిగి నీరూ ముద్దా విడిపోయేవి. ఇందులో నీరు తక్కువ, పంచదార ఎక్కువ. అందుకని విరగకుండా నున్నగా గట్టిపడుతుంది. అమెరికాలో గెయిల్ బోర్డెన్ ఈ డబ్బా పాలకు 1856లో పేటెంటు పొందాడు. పాలు పాడవకుండా దాచుకోవడమే అప్పటి లక్ష్యం. తీపి వంటల్లో ఇంత పేరు వస్తుందని ఆయన ఊహించి ఉండడు.

రెండు రాష్ట్రాల మామిళ్లు, ఒకే బజారు

ఖరగ్‌పూర్‌లో మామిడి తినేవాళ్ల అదృష్టం కాలెండరులో ఉంది. మన ఉత్తరాంధ్ర సువర్ణరేఖ, దాని వెనక బంగినపల్లి ముందుగా పండుతాయి. వాటి జోరు తగ్గే వేళకు బెంగాల్ హిమసాగర్ మొదలవుతుంది. ఆ తర్వాత లంగ్డా, చివర్న ఫజ్లీ. బంగినపల్లికి 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. మాల్దా హిమసాగర్, ఫజ్లీ, లక్ష్మణ్‌భోగ్ దానికంటే ముందే ఆ గౌరవం పొందాయి. మన తీపికి ఏది మేలు? ముక్కలు కావాలంటే పీచు లేని బంగినపల్లి. గుజ్జు కావాలంటే హిమసాగర్, లేదా మన చిన్న రసాలు. రసాలను ముక్కలు కోయబోతే చెయ్యి తప్ప మరేమీ మిగలదు.

కాయగా ఉన్న లిచీ పండదు

మామిడిని కాయగా కోసి గడ్డిలో పెడితే పండుతుంది. లిచీ అలా కాదు, చెట్టు దిగిన రోజున ఎంత తీపి ఉందో అంతే. మామిడి, అరటి, సపోటా తెంపిన తర్వాత కూడా ఇథిలీన్ అనే వాయువు విడుస్తూ పండే జాతి. లిచీ, ద్రాక్ష, అనాస ఆ జాతి కావు. కనుక పుల్లటి లిచీని కొని ఇంట్లో మగ్గపెడదామనుకుంటే మిగిలేది నల్లబడ్డ తొక్కే.

ముంజలకు ఎల్లలు లేవు

ఖరగ్‌పూర్ చుట్టూ ఉన్న మేదినీపూర్ ఎర్రమట్టి నేల మీద తాటిచెట్లకు కొదవ లేదు. వేసవిలో మన ముంజలే ఇక్కడ 'తాల్‌శాఁస్' పేరుతో బజారుకు వస్తాయి. క్రీమ్ తీపిలో ముంజకు మించిన తోడు లేదు. తనకంటూ పెద్ద రుచి లేదు, పులుపు లేదు, పాలను విరగ్గొట్టదు, పంటి కింద చల్లగా జారుతుంది. బెంగాలీలు దీని మీద ముచ్చటపడి, లోపల రసం నింపిన తమ మిఠాయి సందేశ్‌ను ముంజ ఆకారంలోనే అచ్చు వేస్తారు. చందన్‌నగర్ 'జలభరా' అంటే అదే. ఇక్కడ ఒక్క జాగ్రత్త: ముంజ లేతగా ఉండాలి. ముదిరితే రబ్బరు.

అనాస చేసే అల్లరి

పచ్చి అనాస ముక్కలు క్రీమ్‌లో వేసి రెండు గంటలు ఆగితే చేదు వస్తుంది. ఎవరూ విషం కలపలేదు. అనాసలోని బ్రొమెలిన్, బొప్పాయిలోని పపైన్, కివీలోని ఆక్టినిడిన్ మాంసకృత్తులను ముక్కలు చేసే ఎంజైములు. పాల మాంసకృత్తు తునకలైతే వాటిలో కొన్ని నాలుకకు చేదుగా తగులుతాయి. బిర్యానీ మాంసం మెత్తబడాలని పచ్చి బొప్పాయి రాసేది కూడా ఈ గుణం కోసమే. మందు తేలిక: అనాస ముక్కల్ని కాస్త పంచదారతో ఉడికించి చల్లార్చాలి. వేడికి ఎంజైము చస్తుంది. డబ్బా అనాస అప్పటికే ఉడికింది కనుక భయం లేదు.

జెల్లీ నుంచి క్షయ దాకా

ఎండాకాలం తీపిలో జెలటిన్ కంటే చైనా గ్రాస్ మేలు. జెలటిన్ 35 డిగ్రీల లోపే కరిగిపోతుంది, అంటే ప్రేమ్ బజార్ మేలో బల్ల మీద పెట్టగానే పాయసం. సముద్రపు ఎర్ర నాచు నుంచి తీసే చైనా గ్రాస్, అంటే అగర్, అలా కాదు. ఒకసారి గట్టిపడితే మళ్లీ కరగడానికి దాదాపు 85 డిగ్రీలు కావాలి. పైగా పూర్తి శాకాహారం. అనాస ఎంజైములు కూడా దాన్ని ఏమీ చెయ్యలేవు.

ఈ గుణమే వైద్యచరిత్రను మార్చింది. 1881లో జర్మనీ వైద్యుడు వాల్టర్ హెస్సే సూక్ష్మజీవుల్ని జెలటిన్ మీద పెంచాలని చూస్తే అది వేడికి కరిగిపోతూ ఉండేది. ఆయన భార్య ఫానీ హెస్సే తన వంటింటి జెల్లీలు వేసవిలో కరగకపోవడానికి అగర్ కారణమని చెప్పి, అదే వాడమంది. జావాలో ఉండి వచ్చిన ఇరుగుపొరుగు వాళ్ల దగ్గర ఆమె ఆ కిటుకు నేర్చుకుంది. జర్మనీ శాస్త్రవేత్త రాబర్ట్ కాచ్ 1882లో క్షయ క్రిమి గురించి ప్రకటించినప్పుడు అగర్ వాడకాన్ని ప్రస్తావించాడు కానీ ఫానీ పేరు చెప్పలేదు. నేటికీ ప్రపంచంలోని దాదాపు ప్రతి సూక్ష్మజీవశాస్త్ర ప్రయోగశాల ఆ జెల్లీ మీదే నడుస్తోంది.

గుడ్డు పడని భార్య కోసం

పెళ్లి విందుల్లో పండ్ల ముక్కలతో వడ్డించే పసుప్పచ్చ కస్టర్డ్‌లో గుడ్డు ఉండదు. బర్మింగ్‌హామ్ మందుల వ్యాపారి ఆల్‌ఫ్రెడ్ బర్డ్ భార్యకు గుడ్డు పడదు. ఆమె కోసం 1837లో ఆయన మొక్కజొన్న పిండితో కస్టర్డ్ పొడి తయారు చేశాడు. ఒక ఇంటి అవసరం తీర్చిన ఆ పొడి తర్వాత మన దేశంలోని శాకాహారుల ఇళ్లకూ చేరింది.

రాకుమారి పెళ్లి బిస్కెట్

పొరల తీపికి అడుగున వేసే మేరీ బిస్కెట్ 1874లో లండన్‌లో పుట్టింది. రష్యా రాకుమారి మరియా అలెగ్జాండ్రోవ్నా, ఇంగ్లండు రాణి కొడుకును పెళ్లాడిన సందర్భంగా పీక్ ఫ్రీన్స్ కంపెనీ దాన్ని తెచ్చింది. మన బ్రిటానియా బిస్కెట్ కంపెనీ మాత్రం 1892లో కలకత్తాలోని ఒక చిన్న ఇంట్లో 295 రూపాయల పెట్టుబడితో మొదలైంది. ఎండు బిస్కెట్‌లో తేమ అతి తక్కువ. అందుకే పక్కనున్న క్రీమ్ నుంచి తేమ పీల్చుకుని ఆరు గంటల్లో కేకులా మెత్తబడుతుంది. ఓవెన్ చేసే పనిని ఇక్కడ ఓపిక చేస్తుంది.

పన్నెండేళ్ల కుర్రాడి వేలు

వెనీలా తీగ మెక్సికో దాటి ఎక్కడ నాటినా పూసేదే గాని తనంతట కాసేది కాదు. 1841లో రీయూనియన్ దీవిలో ఎడ్మండ్ ఆల్బియస్ అనే పన్నెండేళ్ల బానిస బాలుడు సన్నటి పుల్లతో, బొటనవేలితో పూవుకు పరాగం అద్దే పద్ధతి కనిపెట్టాడు. ఇప్పటికీ అదే పద్ధతి. మనకు దగ్గర్లో మరో సువాసన ఉంది: విశాఖ నుంచి ఖరగ్‌పూర్ రైలు దారిలో తగిలే గంజాం జిల్లా మొగలి. మామిడి క్రీమ్‌లో మొగలి నీరు రెండు చుక్కలు చాలు. మూడో చుక్కకు తీపి కాస్తా అత్తరవుతుంది.

చల్లబడితే తీపి తగ్గుతుంది

గది వేడిలో సరిపోయిన తీపి ఫ్రిజ్‌లోంచి తీశాక చప్పగా అనిపిస్తుంది. నాలుక మీద తీపిని పసిగట్టే కణాల్లో టీఆర్‌పీఎమ్5 అనే ద్వారం ఒకటుంది. అది వెచ్చదనంలో బాగా, చల్లదనంలో మందంగా పని చేస్తుందని 2005లో శాస్త్రవేత్తలు చూపించారు. కనుక కలిపేటప్పుడు నాలుకకు ఒక పిసరు ఎక్కువనిపించేలా కలపాలి. చిటికెడు ఉప్పు మామిడి రుచిని ఇంకా పైకి లేపుతుంది.

ఇక చేసి చూడండి (ఆరుగురికి)

బంగినపల్లి లేదా హిమసాగర్ పళ్లు మూడు, మిష్టి దోయి లేదా మూటగట్టిన పెరుగు రెండు కప్పులు, చల్లటి ఫ్రెష్ క్రీమ్ ఒక చిన్న పేకెట్, కండెన్స్‌డ్ మిల్క్ అర డబ్బా, ఒక నిమ్మకాయ, మేరీ బిస్కెట్లు పన్నెండు, లేత ముంజలు నాలుగు. దోయి వాడితే అందులో తీపి ఉంటుంది కనుక డబ్బా పాలు సగానికి తగ్గించండి.

ముందు కండెన్స్‌డ్ మిల్క్‌లో నిమ్మరసం కలిపి చిక్కబడనివ్వండి. అందులో పెరుగు, క్రీమ్, చిటికెడు ఉప్పు వేసి మెల్లగా కలపండి. గ్లాసుల్లోనో భాఁడ్‌లలోనో అడుగున బిస్కెట్ పొడి, దాని మీద క్రీమ్, ఆపైన మామిడి ముక్కలు, ఇలా రెండు వరుసలు పేర్చండి. మామిడి ముక్కలకు పంచదార అద్దవద్దు. అద్దితే నీరు వదిలి అడుగంతా జావవుతుంది. మూతపెట్టి ఫ్రిజ్‌లో ఆరు గంటలు ఉంచి, వడ్డించే ముందు పైన ముంజ ముక్కలు వేయండి.

బల్ల మీద పెట్టాక ఈ ఎండలో గంటకు మించి వదలకండి. పాలు, పండు, వేడి మూడూ కలిస్తే సూక్ష్మజీవులకు పండగే. ఫ్రిజ్‌లో రెండో రోజు దాకా బాగుంటుంది. మూడో రోజుకు మామిడి నీరు వదిలి పొరలు కుంగుతాయి. కాబట్టి మిగిలింది దాచుకోవడం కంటే గిన్నెలో పెట్టి పక్కింటి బెంగాలీ వదినగారికి పంపడం లాభం. ఆ గిన్నె ఖాళీగా తిరిగి రావడం ఈ ఊళ్లో మర్యాద కాదు.