ఇంటిపేరు ఎక్కడిది?

మన పేరుకు ముందు ఇంటిపేరు ఉంటది. అది ఎట్లా వచ్చింది?

చాలా ఇంటిపేర్లు ఊళ్ల పేర్లే. పాలకుర్తి, చిట్యాల ఊళ్లు. అవే ఇంటిపేర్లు కూడా. కొన్ని పనిని బట్టి వచ్చాయి. ఇంగ్లీషువాళ్లలో స్మిత్ అనే ఇంటిపేరు ఉంది. స్మిత్ అంటే కమ్మరి.

భూమి కోసం దొరతో కొట్లాడిన ఐలమ్మ ఇంటిపేరు చిట్యాల. లోకం మాత్రం చాకలి ఐలమ్మ అన్నది. ఇంటిపేరు పోయి కులం పేరు నిలిచింది.

1978లో తుంగతుర్తిలో ఎమ్మెల్యేగా గెలిచిన స్వరాజ్యం పుట్టింటి పేరు భీమిరెడ్డి. పెండ్లయ్యాక మల్లు స్వరాజ్యం.

పెండ్లయితే ఇంటిపేరు మార్చాలని చట్టం లేదు. అది మన ఇష్టం. కానీ రేషన్ కార్డులో ఒకటి, బ్యాంకు పుస్తకంలో ఒకటి ఉంటే తిప్పలే. ఏ కాగితమైనా సరే, మీ పేరు మీరే చదవండి. తర్వాతే సంతకం పెట్టండి.