తక్కువ డబ్బుతో మొదటి ఆర్‌సీ విమానం: ముందు విమానం కొనొద్దు!

కడప నుంచి మళ్ళీ వచ్చేశాను. పోయిన ఎపిసోడ్ కింద బద్వేలు తమ్ముడు ఒకడు అడిగాడు: "అన్నా, స్కాలర్‌షిప్‌లో మిగిలింది, పండక్కి మామ ఇచ్చింది కలిపితే 8,000 ఉంది. మంచి ఆర్‌సీ విమానం చెప్పు. పోతే మళ్ళీ కొనలేను."

ఆ చివరి మాట నాకు బాగా తగిలింది. బీటెక్ సెకండియర్‌లో నాదీ అదే పరిస్థితి. 6,000 కూడబెట్టి యుద్ధవిమానం లాంటి సెట్ ఒకటి కొన్నా. చూస్తే అదిరిపోయింది. గాల్లో ఉన్నది మాత్రం 11 సెకన్లు. ఫ్రెండ్ తీసిన వీడియో ఉంది కాబట్టి కచ్చితంగా చెప్తున్నా. చేను గట్టున పాతిన కడప బండకు ముక్కుతో గుద్దుకుంది. దాని రిమోట్ ఆ విమానానికే పనికొస్తుంది. అంటే 6,000 మొత్తం పోయినట్టే.

అందుకే ఈరోజు చెప్పేది ఒకటే. మొదటి విమానం పడిపోతుంది, అందులో డౌట్ లేదు. కాబట్టి డబ్బంతా పగలని వస్తువుల మీద పెట్టండి, పగిలేదాన్ని చవగ్గా చేసుకోండి.

పగలనిది అంటే ముందు రిమోట్. ఫ్లైస్కై ఎఫ్‌ఎస్-ఐ6 లాంటి ఆరు ఛానెళ్ళ రిమోట్, రిసీవర్‌తో కలిపి సుమారు 5,000. రేపు ఇంకో పది విమానాలు చేసినా ఇదే రిమోట్. తర్వాత 2212 సైజు బ్రష్‌లెస్ మోటార్, 30 యాంప్ ఈఎస్‌సీ రెండూ కలిపి 1,000. చిన్న 9 గ్రాముల సర్వోలు రెండు, 250. మూడు సెల్స్ లైపో బ్యాటరీ 1,500, ఛార్జర్ 400. ఇక విమానం బాడీ? ఫోమ్ బోర్డు షీట్లు, గ్లూ గన్ స్టిక్స్, లింకులకు సైకిల్ పుల్లలు, రెండు ప్రొపెల్లర్లు కలిపి 400. టోటల్ 8,550. రేట్లు అటూ ఇటూ అవుతాయి, లెక్క మాత్రం ఇట్లనే ఉంటుంది. పడితే పోయేది ఆ 400 లోంచే, మిగతాది మళ్ళీ వాడుకోవచ్చు.

ఏ షేప్ చేయాలి? రెక్క బాడీ పైన ఉండాలి, హై వింగ్ అంటారు. రెక్క రెండు కొసలూ కొంచెం పైకి లేచి ఉండాలి, అది డైహెడ్రల్. ఒకపక్కకు వాలినా స్టిక్ వదిలేస్తే తనే సర్దుకుంటుంది. రెక్క పొడవు మీటరు, మొత్తం బరువు 700 గ్రాముల లోపు పెట్టుకోండి. తేలిగ్గా ఉంటే నెమ్మదిగా ఎగురుతుంది, మనకు ఆలోచించే టైమ్ దొరుకుతుంది. త్రాటిల్, ఎలివేటర్, రడ్డర్ మూడు ఛానెళ్ళు చాలు. ఎగరేసే ముందు రెక్క ముందు అంచు నుంచి వెడల్పులో మూడో వంతు దగ్గర రెండు వేళ్ళతో ఎత్తి చూడండి. తోక కిందికి వాలితే ఎగరేయొద్దు, బ్యాటరీ ముందుకు జరపండి.

రెండు మోటార్ల 1,500 రూపాయల బొమ్మ విమానాలు? గాలి లేనప్పుడు సరే. మన సీమ గాలికి పోయి కంపచెట్లలో తేలుతుంది. తీసుకురావడానికి మీరే ముళ్ళల్లో దూరాలి.

ఇంక ప్రాక్టీస్. ఫోన్‌లో పికాసిమ్ అనే ఫ్రీ యాప్ ఉంది, రోజూ అరగంట ఆడండి. విమానం మన వైపు వస్తున్నప్పుడు కుడి ఎడమ తారుమారవుతాయి, అందరూ కూల్చేది అక్కడే. చిట్కా ఏందంటే, ఏ రెక్క కిందికి వాలిందో స్టిక్ ఆ రెక్క వైపు నెట్టండి. అంతే.

బ్యాటరీ జాగ్రత్త. లైపోను మే ఎండలో బైక్ డిక్కీలో పెట్టొద్దు, ఉబ్బుతుంది, అంటుకునే ప్రమాదమూ ఉంది. ఛార్జింగ్ పెట్టి నిద్రపోవద్దు. సెల్ 3.5 వోల్టులకు వస్తే దించేయండి.

చివరగా, ఎక్కడ ఎగరేయాలి? 2021 డ్రోన్ రూల్స్ డ్రోన్లకే కాదు, మన విమానాలకూ వర్తిస్తాయి. ఎయిర్‌పోర్ట్ హద్దు నుంచి 8 కిలోమీటర్ల లోపల పర్మిషన్ కావాలి. 8 నుంచి 12 మధ్య 200 అడుగుల వరకు, ఆ బయట గ్రీన్ జోన్‌లో 400 అడుగుల వరకు ఓకే. మన ఎయిర్‌పోర్ట్ టౌన్‌కు దగ్గరే కాబట్టి మిద్దె మీద నుంచి ఎగరేసే ప్లాన్ మానుకోండి. డిజిటల్ స్కై మ్యాప్‌లో మీ చోటు ఏ రంగులో ఉందో చూడండి, రిజిస్ట్రేషన్ రూల్స్ కూడా చదవండి. 2 కిలోల లోపు, సరదాకైతే పైలట్ లైసెన్స్ అక్కర్లేదు. నేనైతే మైదుకూరు వైపు శెనక్కాయ పీకేసిన చేన్లో, పొద్దున్నే ఏడు లోపల, గాలి లేవకముందే ఎగరేస్తా. మెత్తటి మన్ను, పడినా ముక్కు బతుకుతుంది.

తమ్ముడూ, నీకు 550 తక్కువుంది కదా? ఈ నెల రిమోట్ ఒక్కటే కొను. ఫోన్‌లో నేర్చుకుంటూ ఉండు. వచ్చే నెలకు ఆ 550 సర్దుకుంటావు, మిగతావి అప్పుడు తీసుకో. ఫస్ట్ క్రాష్ వీడియో మాత్రం నాకు పంపాల్సిందే, నా 11 సెకన్ల రికార్డు దాటావో లేదో చూద్దాం. ఉంటా మరి!