సోమశిల బసకు ముందు చూడాల్సిన అంకె: 885

శ్రీశైలం జలాశయం నిండుమట్టం 885 అడుగులు. కొల్లాపూర్ దగ్గర కృష్ణ ఒడ్డున ఉన్న సోమశిలలో రెండు రోజులు ఉండి రావాలనుకునే కుటుంబం గది అద్దె కంటే ముందు చూసుకోవాల్సిన అంకె ఇదే. అక్కడ మనం చూసేది శ్రీశైలం వెనుక జలాలను. నీళ్లలో దీవుల్లా నిలబడి కనిపించేవి ఒకప్పటి నల్లమల గుట్టల తలలు. మట్టం పెరిగితే గుట్ట దీవి అవుతుంది, తగ్గితే ఒడ్డుకు దగ్గరగా ఉన్నది మళ్లీ గుట్టే. లాంచీ నడిచేదీ లేనిదీ, గది ముందు అలలుండేదీ ఒండ్రు ఉండేదీ ఆ అడుగులే తేలుస్తాయి.

నీటి లెక్క

885 అడుగుల దగ్గర జలాశయంలో 215.8 టీఎంసీల నీరు ఉంటుంది. 854 అడుగులకు దిగితే మిగిలేది సుమారు 90. అంటే 31 అడుగులు తగ్గేసరికి 125 టీఎంసీలకు పైగా, నిండు నీటిలో దాదాపు 58 శాతం, వెళ్లిపోయినట్టే. అక్కడి నుంచి 834కు, ఇంకో 20 అడుగులు, దిగితే మిగిలేది సుమారు 54. పైన ఒక్కో అడుగుకు నాలుగు టీఎంసీలు పోతే, కింద రెండు కూడా పోవు. లోయ పైభాగాన వెడల్పు, అడుగున ఇరుకు కావడమే కారణం. సోమశిల ఆనకట్టకు చాలా ఎగువన ఉంది కాబట్టి మట్టం పడిపోవడం ఇక్కడ ముందే కంటికి తెలుస్తుంది.

నిండడం మాత్రం తొందరగా జరుగుతుంది. 11,574 క్యూసెక్కులు ఒక రోజంతా పారితే ఒక టీఎంసీ. జూరాల నుంచీ తుంగభద్ర వైపు నుంచీ కలిపి రెండు లక్షల క్యూసెక్కులు వస్తుంటే రోజుకు 17 టీఎంసీలు చేరతాయి. కిందికి వదలకపోతే 854 నుంచి 885కు వారం రోజులు చాలు. వానాకాలంలో పేపర్లలో వచ్చే ఇన్‌ఫ్లో, మట్టం అంకెలు చూసుకుంటే వచ్చే వారం సోమశిల ఎలా ఉండబోతుందో ఇంట్లో కూర్చునే అంచనా వేయొచ్చు.

ఏ నెలలో

జులై, ఆగస్టుల్లో కృష్ణకు వరద మొదలవుతుంది. నీళ్లు ఎర్రగా, వేగంగా ఉంటాయి, వరద ఉధృతిలో పడవలు ఆపేస్తారు. వరద తగ్గి నీరు తేటబడ్డాక, అక్టోబరు నుంచి జనవరి వరకు బసకు మంచి కాలం. ఫిబ్రవరి నుంచి మట్టం జారుతుంది. ఇదే నీళ్లు కాలువలకు, కరెంటుకు, కొల్లాపూర్ పక్కనున్న ఎల్లూరు దగ్గర కల్వకుర్తి ఎత్తిపోతల మోటార్లకు పోవాలి. ఏప్రిల్, మే నెలల్లో వెళ్లేవారికి నీళ్లు తక్కువ, ఎండ ఎక్కువ. కొల్లాపూర్ మామిడి మాత్రం అప్పుడే దొరుకుతుంది.

రద్దీ రోజులు వేరు. సంక్రాంతి తర్వాత కొల్లాపూర్ దగ్గరి సింగోటం జాతర, ఆపైన మహాశివరాత్రి. ఆ రోజుల్లో గది కావాలంటే చాలా ముందే అడగాలి. కృష్ణా పుష్కరాలు 2016లో అయ్యాయి, మళ్లీ 2028లో వస్తాయి. ఆ పన్నెండు రోజులు సరదా బసకు అనువైనవి కావు.

ఖర్చు

వనపర్తి నుంచి కారులో గంటా గంటంబావు, నాగర్‌కర్నూల్ నుంచి గంటన్నర లోపు, గద్వాల నుంచి పెబ్బేరు మీదుగా రెండు గంటలు వేసుకోవచ్చు. హైదరాబాద్ నుంచి సుమారు 180 కిలోమీటర్లు. సోమశిలలో పర్యాటక శాఖ హరిత కాటేజీలున్నాయి. 2015-16లో కేంద్రం స్వదేశ్ దర్శన్ కింద ఉమ్మడి మహబూబ్‌నగర్ జిల్లాకు ఇచ్చిన 91.62 కోట్ల ఎకో సర్క్యూట్‌లో సోమశిల ఒకటి.

గది అద్దె రోజును బట్టి మారుతుంది, పన్ను లెక్క మాత్రం తేలిక. 2025 సెప్టెంబరు 22 నుంచి రోజుకు 7,500 రూపాయల లోపు గదికి జీఎస్టీ 5 శాతం. మూడు వేల గదికి పన్ను 150 రూపాయలు. బిల్లులో పాత 12 శాతం వేస్తే అడగండి.

పెద్ద ఖర్చు లాంచీ. సోమశిల నుంచి శ్రీశైలానికి నీటి మీద సుమారు 120 కిలోమీటర్లు, ఏడు గంటలు. 2024 నవంబరులో పర్యాటక శాఖ పెట్టిన టికెట్టు ఒకవైపుకు పెద్దలకు 2,000, పిల్లలకు 1,600. రానూపోనూ అయితే 3,000, 2,400. ఇద్దరు పెద్దలు, ఇద్దరు పిల్లలకు ఒకవైపు 7,200, రెండువైపులా 10,800. తేడా 3,600. తిరుగు ప్రయాణం రోడ్డు మీద పెట్టుకుంటే అమ్రాబాద్ పులుల అభయారణ్యం దాటాలి. ఆ రోడ్డు మీద రాత్రి 9 నుంచి ఉదయం 6 వరకు వాహనాలను వదలరు. శ్రీశైలంలో ఆలస్యమైతే ఇంకో రాత్రి గది అద్దె తప్పదు.

అసలైన దీవి ఊరు

సోమశిల దీవులు గుట్టల తలలైతే, మనుషులుండే అసలైన దీవి గద్వాల మండలంలోని గుర్రంగడ్డ. కృష్ణ రెండు పాయలుగా చీలి చుట్టూ పారే ఊరు. జూరాల గేట్లు ఎత్తితే రాకపోకలు ఆగిపోతాయి. బడికి, ఆసుపత్రికి, పంట అమ్ముకోవడానికి నది దాటాల్సిన ఈ ఊరివాళ్లు ఏళ్ల తరబడి వంతెన అడుగుతూ వచ్చారు. ఇది విడిది ఊరు కాదు. చూడాలని వెళ్తే ఎండాకాలంలో, ఊరి పెద్దలకు చెప్పి వెళ్లి, పొద్దుగూకక ముందే తిరిగి రావాలి. పడవలో చోటు ముందు ఊరివాళ్లది.

దీవిలోనే రాత్రి ఉండాలనే కోరికకు సోమశిల దగ్గరి అమరగిరి వైపు చూడొచ్చు. సోమశిల, అమరగిరి, ఈగలపెంటలను కలిపి 2024 చివర్లో కేంద్రం 68.10 కోట్లు మంజూరు చేసింది. బుక్ చేసుకునే ముందు అక్కడ ఏది తయారైందో, ఏది కాగితం మీద ఉందో కనుక్కోండి.

ప్రాణం లెక్క

2007 జనవరిలో సింగోటం జాతరకు వస్తున్న భక్తుల పడవ కృష్ణలో మునిగి సుమారు 60 మంది చనిపోయారు. అందుకే పడవ ఎక్కేముందు తలలూ లైఫ్ జాకెట్లూ లెక్కపెట్టండి. పిల్లల సైజు జాకెట్లున్నాయో లేదో విడిగా అడగండి. ఒక్కటి తక్కువైనా ఎక్కకండి, కట్టిన డబ్బు పోతే పోనివ్వండి.

ఫోన్ చేసినప్పుడు మూడు అడగండి: ఈరోజు మట్టం ఎన్ని అడుగులు, లాంచీ నడుస్తోందా, నీళ్లు తగ్గి లాంచీ ఆగితే టికెట్టు డబ్బు తిరిగిస్తారా. మట్టం 880 పైన ఉంటే నిండు కృష్ణను చూస్తారు. 860 దాకా పడితే సోమేశ్వరుడి గుడికి, చేపల కూరకు ఒక పగలు చాలు, రాత్రి బస పెట్టుకోకండి.

అక్కడ ఉన్నన్నాళ్లు ఇంకో లెక్క కూడా గుర్తుంచుకోవాలి. ఈ నీళ్ల కింద దాదాపు వంద ఊళ్లు పోయాయి. సోమశిల లలితా సోమేశ్వరాలయాన్ని, జటప్రోలు మదనగోపాలస్వామి గుడిని రాయి రాయి విప్పి పైకి తెచ్చి మళ్లీ కట్టారు. ఊళ్లు వదిలి వచ్చినవాళ్ల పిల్లలు చాలామంది ఈ ఒడ్డునే బతుకుతున్నారు. తినే చేపలు, కొనే మామిడి, ఎక్కే పడవ వాళ్ల దగ్గర తీసుకుంటే మన సెలవు ఖర్చులో కొంతైనా ఆ ఊళ్లకు చేరుతుంది. తెచ్చిన ప్లాస్టిక్ తిరిగి మన సంచిలోనే రావాలి. ఆ నీళ్లే కల్వకుర్తి ఎత్తిపోతల మీదుగా మన పొలాల్లోకి వస్తాయి.