నలుగురూ పడిపోకముందే ఆగిపోయిన స్కోరు

2017 అక్టోబరు 8న న్యూయార్క్ జెయింట్స్ అనే అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు ఐదుగురు రిసీవర్లతో, అంటే విసిరిన బంతిని పట్టే ఆటగాళ్లతో, మైదానంలోకి దిగింది. ఆట ముగిసేసరికి నిలబడగలిగింది ఒక్క రోజర్ లూయిస్. ఓడెల్ బెకమ్ జూనియర్ ఎడమ చీలమండ విరిగింది. బ్రాండన్ మార్షల్ చీలమండ గాయంతో ఆ సీజన్‌కే దూరమయ్యాడు. డ్వేన్ హారిస్ పాదం ఎముక విరిగింది. స్టెర్లింగ్ షెపర్డ్ చీలమండ మడతపడింది. ఒకే మధ్యాహ్నం, ఒకే మైదానం, నలుగురు మనుషులు. ఛార్జర్స్ చేతిలో 27-22తో ఓడిన జెయింట్స్‌కి అది వరుసగా ఐదో ఓటమి. ఆ సీజన్‌లో 16 మ్యాచ్‌లు ఆడి మూడే గెలిచారు.

"రిసీవర్లందరూ గాయపడితే ఏ జట్టు మాత్రం ఏం చేస్తుంది?" అన్నది ఆ ఏడాది బాగా వినిపించిన మాట. మాట సబబుగానే ఉంది. అయితే అంతకుముందు నుంచీ స్కోర్లు వరసగా పెట్టుకుని చూస్తే కథ మరోలా కనిపిస్తుంది. జెయింట్స్ పాయింట్లు చేయడం మానేసింది అక్టోబరు 8న కాదు. అప్పటికే పది నెలలు దాటింది.

పేరులో న్యూయార్క్ ఉన్నా ఈ జట్టు సొంత మైదానం న్యూజెర్సీ రాష్ట్రంలో, ఈస్ట్ రూథర్‌ఫర్డ్‌లోని మెట్‌లైఫ్ స్టేడియం. ఎడిసన్ చుట్టుపక్కల స్థిరపడిన తెలుగు కుటుంబాల పిల్లలు చాలామందికి ఇది ఊరి జట్టు. ఆట తెలియనివాళ్ల కోసం ముందు రెండు ముక్కలు చెప్పాలి.

అమెరికన్ ఫుట్‌బాల్‌లో ఒక్కో జట్టుకి 11 మంది. బంతి చేతిలో ఉన్న జట్టుకి నాలుగు ప్రయత్నాలుంటాయి. ఆ నాలుగింటిలో పది గజాలు ముందుకు పోతే మళ్లీ నాలుగు దొరుకుతాయి. ఒక్కో ప్రయత్నాన్ని డౌన్ అంటారు; అందులో ఆడే ఎత్తుగడను ఇక్కడ 'ఆట' అని, దాన్ని ఎంచి చెప్పడాన్ని 'ఆట పిలవడం' అని అంటాను. 11 మందిలో ఐదుగురు లైన్‌మెన్, అంటే ఎదుటివాళ్లను అడ్డుకునే భారీ మనుషులు. ఒకడు బంతి విసిరే క్వార్టర్‌బ్యాక్. మిగిలేది ఐదుగురు. కోచ్ తెలివంతా ఆ ఐదుగురిని ఎలా ఎంచుకుంటాడన్న దగ్గరే బయటపడుతుంది. బంతి పట్టుకుని లైన్ మధ్యలోంచి దూసుకుపోయే రన్నింగ్ బ్యాక్, అడ్డుకోవడమూ బంతి అందుకోవడమూ రెండూ చేసే టైట్ ఎండ్, దూరంగా పరుగెత్తి బంతి పట్టే వైడ్ రిసీవర్ అని వీళ్లలో మూడు రకాలు.

ఈ కూర్పుకి కోచ్‌లు రెండంకెల గుర్తు వాడతారు. మొదటి అంకె రన్నింగ్ బ్యాక్‌ల సంఖ్య, రెండోది టైట్ ఎండ్‌ల సంఖ్య. ఐదులోంచి ఆ రెండూ తీసేస్తే మిగిలేది రిసీవర్లు. 11 అంటే ఒక రన్నింగ్ బ్యాక్, ఒక టైట్ ఎండ్, ముగ్గురు రిసీవర్లు. 12 అంటే టైట్ ఎండ్‌లు ఇద్దరు, రిసీవర్లు ఇద్దరు. ఎదుటి కోచ్ ఈ కూర్పును చూసి తన మనుషులను మార్చుకుంటాడు. ముగ్గురు రిసీవర్లు కనిపిస్తే ఒక బరువైన ఆటగాణ్ణి తీసేసి, రిసీవర్ల వెంట పరుగెత్తగల ఐదో మనిషిని దింపుతాడు.

ఇక అసలు లెక్క. 2016లో ఈ ఆట ఆడే లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్‌లోని జట్లు సగటున 60 శాతం ఆటల్లో ఈ 11 కూర్పు వాడాయి. జెయింట్స్ వాడింది 92 శాతం. ఒక సీజన్‌లో జట్టు దాదాపు వెయ్యి ఆటలు ఆడుతుంది. అందులో 920 సార్లు ఒకే కూర్పుతో దిగారన్నమాట. ఆ ఏడాది లీగ్‌లో ఇంకెవరూ దీని దరిదాపుల్లో లేరు. ఆటలు పిలిచింది హెడ్ కోచ్ బెన్ మెకడూయే. బౌలర్ బంతి విడవకముందే అది ఏ బంతో బ్యాట్స్‌మన్‌కి తెలిసిపోతే ఎలా ఉంటుందో, జెయింట్స్ ఆట ఎదుటి డిఫెన్స్‌కి అలా తయారైంది.

ముగ్గురు రిసీవర్లుంటే ముందు వరసలో కాపలా పలచబడుతుంది. అక్కడ బంతి పట్టుకుని పరుగెత్తాలి. జెయింట్స్‌కి అది చేతకాలేదు. 2016లో ఒక్కో పరుగుకి వచ్చింది 3.5 గజాలు, మ్యాచ్‌కి 88.3 గజాలు. పరుగు భయం లేనప్పుడు డిఫెన్స్ చివరి వరస కాపలాదారులైన ఇద్దరు సేఫ్టీలను వెనక్కి, చాలా లోతుగా నిలబెట్టి, పొడవాటి త్రోల దారి మూసేస్తుంది. దానికి తోడు జెయింట్స్ లైన్ బలహీనం. విసరడానికి సమయం లేక క్వార్టర్‌బ్యాక్ ఈలై మానింగ్ బంతిని చటుక్కున, దగ్గరికే విసిరేవాడు. దగ్గరి త్రో వస్తుందని ఎదుటివాళ్లకీ తెలుసు. ఇలా ఒక లోపం ఇంకోదాన్ని పెంచుతూ పోయింది.

మరి 2016లో 11 గెలుపులు, 5 ఓటములతో ప్లేఆఫ్స్‌కి ఎలా వెళ్లారు? దీనికి రెండు జవాబులున్నాయి. మొదటిది డిఫెన్స్. ఆ సీజన్ మొత్తంలో ఎదుటి జట్లకు ఇచ్చింది 284 పాయింట్లే. లీగ్‌లో అంతకంటే తక్కువ ఇచ్చిన జట్టు ఒక్కటే. గెలిచిన 11 మ్యాచ్‌ల్లో ఎనిమిదింట తేడా ఏడు పాయింట్లు, లేదా అంతకన్నా తక్కువ. రెండో జవాబు బెకమ్.

బాల్టిమోర్‌తో 2016 అక్టోబరు 16న జరిగిన మ్యాచ్ చూస్తే విషయం తేలిపోతుంది. నిమిషంన్నర కూడా మిగల్లేదు, జెయింట్స్ వెనకబడి ఉన్నారు. నాలుగో డౌన్, కావలసింది ఒక గజం. మానింగ్ అడ్డంగా కోసుకొచ్చే చిన్న త్రో విసిరాడు. వాళ్లు వారం వారం విసిరే స్లాంటే అది. బెకమ్ దాన్ని అందుకుని 66 గజాలు పరుగెత్తాడు. 27-23తో గెలుపు. ఆ రోజు అతనికి ఎనిమిది క్యాచ్‌లు, 222 గజాలు. కాగితం మీద అది గజం కోసం పిలిచిన ఆట. మిగతా 65 గజాలు కోచ్ ఇచ్చినవి కావు, బెకమ్ కాళ్లు ఇచ్చినవి. ఇలాంటి గెలుపు కోచ్‌కి తప్పుడు ధైర్యాన్నిస్తుందని నేననుకుంటాను. పిలిచిన ఆట పనిచేసిందనిపిస్తుంది. నిజానికి పనిచేసింది మనిషి.

ఆ ఏడాది చివర డిసెంబరులో ఆ ఒక్కడి కాళ్లు కూడా చాలలేదు. అక్కడినుంచి వరుసగా ఎనిమిది మ్యాచ్‌ల స్కోర్లు ఇవి: 14, 10, 17, 19, 19, గ్రీన్ బే చేతిలో 38-13తో ఓడిన ప్లేఆఫ్‌లో 13, తర్వాతి సీజన్ మొదటి రెండు మ్యాచ్‌ల్లో 3, 10. ఒక్కసారీ 20 చేరలేదు. కూడితే 105, సగటు 13.1. ఇందులో మొదటి ఆరు మ్యాచ్‌లూ బెకమ్ ఆడాడు. 3 పాయింట్ల మ్యాచ్‌కి మాత్రం ఆగస్టులో తగిలిన చీలమండ దెబ్బతో బయట ఉన్నాడు. నలుగురు రిసీవర్లు ఒకేసారి పడిపోయిన రోజు ఇంకా రాలేదు.

గాయాల ధర ఎంతో కూడా లెక్క కట్టాలి, లేకపోతే న్యాయం కాదు. 2017లో బెకమ్ నాలుగు మ్యాచ్‌లు ఆడాడు. వాటిలో జట్టు చేసినవి 10, 24, 23, 22. సగటు 19.75. అతను వెళ్లాక మిగిలిన 11 మ్యాచ్‌ల్లో మొత్తం 164 పాయింట్లు, సగటు 14.9. అంటే మ్యాచ్‌కి ఐదు పాయింట్లు తగ్గాయి. అది పెద్ద నష్టమే. ఆ 11 మ్యాచ్‌ల్లో నాలుగింటిలో ఓటమి తేడా పది లేదా అంతకన్నా తక్కువ అని గుర్తుంచుకుంటే ఐదు పాయింట్ల బరువు తెలుస్తుంది.

ఇప్పుడు దీని పక్కనే ఇంకో అంకె పెట్టి చూడండి. 2016లో బెకమ్ మొత్తం 16 మ్యాచ్‌లూ ఆడి 101 క్యాచ్‌లు, 1,367 గజాలు తెచ్చాడు. అయినా జట్టు చేసింది 310 పాయింట్లు, సగటు 19.4. ఆ ఏడాది లీగ్ సగటు 22.8. గాయం లేని సంవత్సరంలో, తారాస్థాయి రిసీవర్ ఫామ్‌లో ఉండగా, సగటు జట్టు కంటే మూడు పాయింట్లకు పైగా తక్కువ! డిఫెన్స్ సొంతంగా చేసిన టచ్‌డౌన్‌లు (బంతిని ఎదుటి జట్టు గీత దాటించడం) కూడా ఈ 310లోనే ఉన్నాయి కాబట్టి అఫెన్స్ వాటా ఇంకా తక్కువే. పైగా ఇదే మెకడూ, 2015లో టామ్ కాఫ్లిన్ కింద అఫెన్స్ కోఆర్డినేటర్‌గా ఆటలు పిలిచినప్పుడు జట్టు 420 పాయింట్లు చేసింది. 420 నుంచి 310కి పడింది, ఆ తర్వాతి ఏడాది 246కి. మొదటి పతనం 110 పాయింట్లు, రెండోది 64. గాయాలను నిందించగలిగేది ఆ రెండో దానికే, అదీ కొంత మేరకే. హెడ్ కోచ్‌గా మెకడూ నడిపిన 28 లీగ్ మ్యాచ్‌ల్లో జట్టు ఒక్కసారి కూడా 30 పాయింట్లు చేయలేదు.

అంతమాత్రాన 11 కూర్పే తప్పని తేల్చేస్తే పొరపాటు. 2018లో షాన్ మెక్‌వే నడిపిన లాస్ ఏంజెలెస్ ర్యామ్స్ కూడా దాదాపు తొంభై శాతం ఆటలు ఇదే కూర్పుతో ఆడింది. ఆ జట్టు 527 పాయింట్లు చేసి లీగ్ ఫైనల్ అయిన సూపర్ బౌల్ దాకా వెళ్లింది. తేడా ఎక్కడుంది? ర్యామ్స్ అదే కూర్పులోంచి పరుగు తీసేవాళ్లు, పరుగు నటించి దూరం విసిరేవాళ్లు, బంతి కదలకముందే రిసీవర్‌ను అడ్డంగా పరుగెత్తించి డిఫెన్స్ చూపు మళ్లించేవాళ్లు. నలుగురు డిఫెండర్లు ఒకే దృశ్యం చూసి నాలుగు రకాలుగా అనుమానపడేవాళ్లు. జెయింట్స్ దృశ్యంలో అనుమానానికి చోటు లేదు. ఈ తేడాను న్యూజెర్సీ ప్రేక్షకులు కళ్లారా చూశారు కూడా: 2017 నవంబరు 5న మెక్‌వే జట్టు మెట్‌లైఫ్ స్టేడియానికి వచ్చి 51-17తో గెలిచి వెళ్లింది.

నలుగురూ పడిపోయిన వారం తర్వాత ఏం జరిగిందో కాస్త ఆగి చూడాలి. అక్టోబరు 15న డెన్వర్‌లో మ్యాచ్. పరుగు గజాలు అతి పిసినారిగా ఇస్తున్న డిఫెన్స్ ఆ ఊరి జట్టు బ్రాంకోస్‌ది. జెయింట్స్ గెలుస్తారని అనుకున్నవాళ్లు దాదాపు లేరు. మెకడూ ఆ వారమే ఆటలు పిలిచే పనిని కోఆర్డినేటర్ మైక్ సలివన్‌కి అప్పగించాడు. రిసీవర్లు లేరు కాబట్టి ముగ్గురు రిసీవర్ల కూర్పును పట్టుకు వేలాడే అవకాశమే పోయింది. అదనపు టైట్ ఎండ్‌లను దింపారు, బంతిని ఓర్లియన్స్ డార్క్వా చేతికిచ్చి పరుగెత్తమన్నారు. అతను 117 గజాలు తెచ్చాడు. జట్టు మొత్తం పరుగు 148 గజాలు. మానింగ్ విసిరింది 19 సార్లే. 11 చేరాయి, 128 గజాలు. కొత్త కుర్రాడు, టైట్ ఎండ్ ఎవాన్ ఎన్‌గ్రామ్ ఐదు క్యాచ్‌లు పట్టి ఒక టచ్‌డౌన్ చేశాడు. స్కోరు 23-10. ఆ సీజన్‌లో అదే తొలి గెలుపు.

ఈ ఒక్క గెలుపుతో అంతా రుజువైపోయిందని చెప్పను. 23లో ఏడు పాయింట్లు డిఫెన్స్‌వి. జానోరిస్ జెంకిన్స్ బంతి లాక్కుని తెచ్చినవి. వారం తిరిగేసరికి సియాటిల్ చేతిలో 24-7తో ఓడారు. రిసీవర్ల భయం లేని జట్టు మీద డిఫెన్స్ ముందుకొచ్చి పరుగును తొక్కేస్తుంది. డెన్వర్‌లో పనికొచ్చిన కొత్తదనం సియాటిల్‌కి వీడియోలో దొరికిపోయింది. కాని ఒక్క విషయం మాత్రం స్పష్టం: అన్నీ ఉన్న వారాల్లో చేయని మార్పును ఏమీ లేని వారంలో చేయగలిగారు. ముందే చేసి ఉంటే బెకమ్ చుట్టూ ఎంత ఖాళీ దొరికేదో అన్న ప్రశ్న నన్ను ఇప్పటికీ వదలదు.

తర్వాతి వారాల్లో కోపం దారి తప్పింది. నవంబరు చివర్లో 36 ఏళ్ల మానింగ్‌ను పక్కన పెడుతున్నట్టు ప్రకటించారు. 2004 నుంచి వరుసగా 210 లీగ్ మ్యాచ్‌లు ఆరంభం నుంచీ ఆడినవాడు, జట్టుకి రెండు సూపర్ బౌల్‌లు తెచ్చినవాడు. డిసెంబరు 3న ఓక్లండ్‌లో జీనో స్మిత్‌ను దింపారు, 24-17తో ఓడారు. కూర్పు చేసినవాణ్ణి వదిలేసి, దాంట్లో ఇరుక్కున్నవాణ్ణి శిక్షించిన నిర్ణయం అది. మర్నాడే యాజమాన్యం మెకడూను, జనరల్ మేనేజర్ జెర్రీ రీస్‌ను తొలగించింది.

డిసెంబరు 17న ఫిలడెల్ఫియాతో మ్యాచ్. మానింగ్ మళ్లీ వచ్చాడు. బెకమ్ లేడు, మార్షల్ లేడు. కోలుకుని తిరిగొచ్చిన షెపర్డ్ 11 క్యాచ్‌లు పట్టాడు. గాయాల తర్వాత తెచ్చుకున్న టవారిస్ కింగ్ రెండు టచ్‌డౌన్‌లు చేశాడు. మానింగ్ 434 గజాలు విసిరాడు. 34-29తో ఓడినా, ఆ 29 పాయింట్లే జెయింట్స్‌కి ఆ సీజన్‌లో అత్యధికం. ఎదుట ఉన్నది ఆ ఏటి సూపర్ బౌల్ గెలిచిన జట్టు. మరుసటి వారం ఆరిజోనాలో సున్నా చేశారన్నదీ నిజమే. ఆ సీజన్ చివరికి జట్టులో లోతు లేదు, నిలకడా లేదు. 32 జట్లలో, చేసిన పాయింట్ల లెక్కన, 31వ స్థానం దక్కింది.

2018లో కొత్త కోచ్ పాట్ షర్మర్ వచ్చాక పాయింట్లు 246 నుంచి 369కి పెరిగాయి. బెకమ్ 12 మ్యాచ్‌లు ఆడాడు, కొత్త ఆటగాళ్లను ఎంచుకునే డ్రాఫ్ట్‌లో రెండో ఎంపికగా తీసుకున్న సేక్వాన్ బార్క్‌లీ కలిశాడు. గెలిచింది మాత్రం ఐదే. అది వేరే లెక్క.

మీరు అభిమానించే జట్టు ఏదైనా కావచ్చు. గాయాల జాబితా చూపించి ఓటములకు కారణం చెప్పినప్పుడు ఒక్క పని చేయండి. గాయాలకు ముందు పది మ్యాచ్‌ల స్కోర్లు రాసుకుని సగటు తీయండి. ఆ సగటు అప్పటికే లీగ్ కంటే కింద ఉంటే, అడగాల్సిన ప్రశ్న వైద్యుణ్ణి కాదు, కోచ్‌ని.