లినక్స్ డెస్క్‌టాప్‌లో కీబోర్డు పనిచేయనప్పుడు

ఈ పాఠంలో ఒకే ఒక్క సమస్యను పరిశీలిస్తాం. కంప్యూటరు వెలుగుతోంది, మౌసు కదులుతోంది, కాని కీబోర్డు మీద ఏ కీ నొక్కినా తెరమీద అక్షరం పడటం లేదు. మీలో చాలామంది సెకండ్‌హ్యాండ్ లాప్‌టాప్ కొని, అందులో ఉబుంటు గాని మరో లినక్స్ గాని వేసుకుని చదువుకుంటున్నవారే. పుప్పాలగూడలో గది అద్దెకు తీసుకుని, పగలు ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్‌లో ఉద్యోగం చేసి, రాత్రి అసైన్‌మెంట్ రాసుకునే విద్యార్థికి ఈ చిక్కు ఏ పదకొండు గంటలకో ఎదురవుతుంది. అప్పటికి దుకాణాలు మూసేసి ఉంటాయి. తెల్లవారి వెళితే సాధారణంగా వినిపించే మాటలు రెండు: "కీబోర్డు పోయింది, మార్చాలి", లేదా "ఫార్మాట్ కొట్టాలి". మొదటిదానికి డబ్బు ఖర్చు. రెండోదానికి, బ్యాకప్ లేకపోతే, ఇంతవరకు రాసుకున్నదంతా ఖర్చు. ఈ రెండూ అక్కరలేని సందర్భాలు చాలా ఉన్నాయి. వాటిని మీరే గుర్తుపట్టగలగడం ఈ పాఠం ఉద్దేశం.

కీ నొక్కితే ఏం జరుగుతుంది?

కీబోర్డుకు అక్షరాలు తెలియవు. మీరు కె అని ముద్రించి ఉన్న కీ నొక్కితే అది కంప్యూటరుకు ఒక సంకేత సంఖ్యను మాత్రమే పంపుతుంది. ఆ సంఖ్యను ముందుగా లినక్స్ కెర్నెల్ అందుకుంటుంది. కెర్నెల్ దానిని డెస్క్‌టాప్‌ను నడిపే డిస్‌ప్లే సర్వర్‌కు అందిస్తుంది. పాత పద్ధతిలో ఇది ఎక్స్ సర్వర్; వేలాండ్ వచ్చాక గ్నోమ్, కేడీఈ వంటి డెస్క్‌టాప్‌లు ఈ పనిని తామే చేస్తున్నాయి. అక్కడ లేఅవుట్ పట్టిక చూసి ఆ కీకి అర్థం నిర్ణయిస్తారు. ఇంగ్లీషు లేఅవుట్ ఉంటే కె, తెలుగు ఇన్‌స్క్రిప్ట్ ఉంటే 'క'. ఆ తరువాత ఐబస్ వంటి ఇన్‌పుట్ మెథడ్, చివరికి మీరు తెరిచి ఉంచిన ప్రోగ్రాం.

ఇది పొలానికి నీళ్లు పారే కాలువ లాంటిది. చివరి మడికి నీరు రాలేదంటే చెరువు ఎండిపోయిందనుకోనక్కరలేదు. ఏ తూము దగ్గర ఆగిందో చూసుకుంటూ వెళ్లాలి.

మొదటి పరీక్ష క్యాప్స్ లాక్ దీపం. చాలామంది ఈ దీపాన్ని కీబోర్డే వెలిగించుకుంటుందనుకుంటారు. కాదు. కీ నొక్కిన సమాచారం కంప్యూటరుకు వెళ్లి, "దీపం వెలిగించు" అని తిరిగి ఆదేశం వస్తేనే అది వెలుగుతుంది. కనుక దీపం మారుతున్నదంటే తీగ, కెర్నెల్ బాగున్నట్లే. తప్పు ఇంకా పైమెట్లలో ఉంది. అయితే దీపం మారలేదు కాబట్టి కీబోర్డు చెడిపోయిందని వెంటనే తేల్చకండి. క్యాప్స్ లాక్‌ను ఒకటి రెండు సెకన్లు అదిమి పట్టుకుని మళ్లీ చూడండి. ఎందుకో కొద్దిసేపట్లో చెబుతాను.

రెండో పరీక్ష ఇంతకంటే బలమైనది. కంట్రోల్, ఆల్ట్, ఎఫ్3 కీలను కలిపి నొక్కండి (కొన్ని లాప్‌టాప్‌లలో ఎఫ్ఎన్ కీ కూడా కలపాలి). నల్లటి తెరమీద లాగిన్ అని అడిగే వర్చువల్ కన్సోల్ వస్తుంది. ఇక్కడ డెస్క్‌టాప్ ప్రమేయం లేదు. కీలు కెర్నెల్ నుంచి నేరుగా వస్తాయి. ఇక్కడ మీ పేరు టైపు చేయగలిగితే కీబోర్డు బాగుంది, డెస్క్‌టాప్ అమరికలోనే లోపం ఉంది. పాస్‌వర్డ్ కొడుతున్నప్పుడు ఇక్కడ చుక్కలు కూడా కనిపించవు. అది లోపం కాదు, కంగారుపడకండి. తిరిగి రావడానికి అదే విధంగా ఎఫ్2 గాని ఎఫ్1 గాని నొక్కండి.

పనిచేస్తూనే పనిచేయని కీబోర్డు

వికలాంగుల సౌకర్యం కోసం అన్ని పెద్ద డెస్క్‌టాప్‌లలోనూ స్లో కీస్, స్టికీ కీస్ అనే ఏర్పాట్లు ఉంటాయి. చేతులు వణికేవారికి పొరపాటున తగిలిన కీలు లెక్కలోకి రాకూడదు కనుక, స్లో కీస్‌లో ఒక కీని కొంతసేపు అదిమి ఉంచితేనే అది చెల్లుతుంది. ఇటువంటి సౌకర్యాలను తొలిరోజుల్లో రూపొందించినవారిలో అప్పట్లో అమెరికాలోని విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో ఉన్న ట్రేస్ సెంటర్ ముఖ్యమైనది. ఎంతో విలువైన పని అది. ఇబ్బంది అంతా వాటిని ఆన్ చేసే పద్ధతితోనే వచ్చింది. కీబోర్డు నుంచే ఆన్ చేసుకునే వీలు కల్పించి ఉంటే, షిఫ్ట్ కీని 8 సెకన్లు పట్టుకుంటే స్లో కీస్, వరుసగా 5 సార్లు నొక్కితే స్టికీ కీస్ మొదలవుతాయి. ఆలోచిస్తూ షిఫ్ట్ మీద వేలు అలాగే ఉంచేవారికి 8 సెకన్లు ఎంతసేపు? ఒక హెచ్చరిక వస్తుంది, చదవకుండానే మూసేస్తాం. ఆ తరువాత మామూలు వేగంతో కొట్టిన ఏ కీ పడదు. క్యాప్స్ లాక్‌ను అదిమి పట్టుకోమన్నది ఇందుకే. అప్పుడు మాత్రమే దీపం వెలిగితే దొంగ దొరికినట్లే.

దీనికి విరుగుడు మౌసుతోనే చేయవచ్చు. సెట్టింగ్స్ తెరిచి, యాక్సెసిబిలిటీలో టైపింగ్ అన్న భాగానికి వెళ్లి స్లో కీస్, బౌన్స్ కీస్, స్టికీ కీస్ ఆపివేయండి. కీబోర్డు నుంచి ఆన్ చేసే వీలును కూడా, మీకు అవసరం లేకపోతే, తీసివేయండి. లాగిన్ తెర దగ్గరే చిక్కుకుపోతే అక్కడ కూడా మనిషి బొమ్మ గుర్తుతో ఇదే మెనూ ఉంటుంది. అందులోనే స్క్రీన్ కీబోర్డు కూడా దొరుకుతుంది. మౌసుతో అక్షరాలు నొక్కి పాస్‌వర్డ్ ఇవ్వవచ్చు.

తెలుగులో రాసేవారికి మరో ప్రత్యేకమైన చిక్కు ఉంది. ఇన్‌స్క్రిప్ట్‌లో వ్యాసం రాసి లేచి వెళ్లారు, తెర లాక్ అయింది. తిరిగి వచ్చి పాస్‌వర్డ్ కొడితే తప్పంటుంది. చుక్కలే కనిపిస్తాయి కనుక లోపల పడుతున్నవి తెలుగు అక్షరాలని మీకు తెలియదు. టెర్మినల్‌లో ఇదే జరిగితే కనీసం కంటికి కనిపిస్తుంది: ఫైళ్ల జాబితా కోసం ఎల్, ఎస్ కీలు నొక్కితే 'తే' అని పడుతుంది. తెరమీద భాష గుర్తు చూసి, సూపర్ కీ (విండోస్ గుర్తు ఉన్నది), స్పేస్ కలిపి నొక్కి ఇంగ్లీషుకు మార్చుకోండి. కన్సోల్‌లో ఒప్పుకున్న పాస్‌వర్డ్ లాక్ తెర దగ్గర తప్పు అవుతోందంటే ముందుగా అనుమానించవలసింది లేఅవుట్‌నే. మిగతా చోట్ల బాగా పనిచేస్తూ ఒకటి రెండు ప్రోగ్రాంలలోనే అక్షరాలు పడకపోతే ఐబస్ చిక్కుకుని ఉండవచ్చు. ఫైళ్లు సేవ్ చేసుకుని, లాగౌట్ అయి మళ్లీ రండి.

టెర్మినల్ ఒక్కటే మొద్దుబారితే? బహుశా అలవాటు కొద్దీ సేవ్ చేయడానికి కంట్రోల్, ఎస్ నొక్కి ఉంటారు. టెలిటైప్ యంత్రాల కాలం నుంచి ఆ జంటకు "ముద్రణ ఆపు" అని అర్థం. కంట్రోల్, క్యూ నొక్కితే ఆగినదంతా ఒక్కసారిగా వచ్చిపడుతుంది.

కెర్నెల్ దగ్గరే ఆగిపోతే

కన్సోల్ కూడా రాకపోతే కంప్యూటరును రీస్టార్ట్ చేసి గ్రబ్ మెనూలో పైకి, కిందికి బాణం కీలు నొక్కి చూడండి. అప్పటికి లినక్స్ ఇంకా మొదలుకాలేదు. అక్కడ కీలు పనిచేసి, లినక్స్ లోపలికి వెళ్లాక ఆగిపోతే మీ లాప్‌టాప్‌కు, కెర్నెల్‌కు పొత్తు కుదరలేదన్నమాట. కొన్ని కొత్త లాప్‌టాప్‌ల కీబోర్డు సిగ్నల్ అమరికను కెర్నెల్ తప్పుగా అర్థం చేసుకోవడం వల్ల ఇలా జరిగింది. అటువంటి మోడళ్ల పట్టికనే కెర్నెల్‌లో చేర్చవలసి వచ్చింది. తాత్కాలికంగా యూఎస్‌బీ కీబోర్డు తగిలించి, కెర్నెల్‌ను అప్‌డేట్ చేయడమే మార్గం. అప్‌డేట్ తరువాతే సమస్య మొదలైతే మాత్రం గ్రబ్‌లోని అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్‌లో పాత కెర్నెల్‌ను ఎంచుకుని చూడండి. అప్‌డేట్ తరువాత కన్సోల్‌లో కీలు బాగానే పనిచేస్తూ, డెస్క్‌టాప్‌లో కీబోర్డు, మౌసు రెండూ ఒకేసారి ఆగిపోతే అది వేరే కథ: ఎక్స్ సర్వర్‌కు చెందిన ఇన్‌పుట్ డ్రైవర్ల ప్యాకేజీ తొలగిపోయి ఉండవచ్చు. దానిని కన్సోల్ నుంచే తిరిగి ఇన్‌స్టాల్ చేసుకోవచ్చు.

గ్రబ్‌లోనూ కీలు పలకకపోతే ఇక వస్తువును చూడాలి. వైర్‌లెస్ అయితే బ్యాటరీ, రిసీవర్. తీగ ఉన్నదైతే మరో యూఎస్‌బీ పోర్టు, వీలైతే మరో కంప్యూటరు. బ్లూటూత్ కీబోర్డు గ్రబ్‌లో పలకకపోవడం మామూలే కనుక దానికి ఈ పరీక్ష వర్తించదు.

కొన్ని కీలే చచ్చి మిగతావి బాగుంటే ఆ కీల పేర్లు కాగితం మీద రాసుకోండి. కీబోర్డు లోపల కీలన్నీ అడ్డు, నిలువు గీతల వలగా అమర్చి ఉంటాయి. ఒక గీత తెగితే దాని మీది కీలన్నీ కలిసి పోతాయి. పైకి చూస్తే అవి ఒకదానికొకటి సంబంధం లేనట్లు చెదిరి ఉండవచ్చు. కన్సోల్‌లోనూ, గ్రబ్ దాటాకా, ఎప్పుడు చూసినా అవే కీలు పలకకపోతే ఆ కీబోర్డును మార్చవలసిందే. దుకాణానికి వెళ్లేముందు మౌసుతో ఫైళ్లను పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేసుకోండి. ఆ జాబితా చూపించి, ఫార్మాట్ అవసరం లేదని ముందే చెప్పండి.